ఆ రెండు పెట్టెల కార్డుల సంగతి

ఒరే అల్లుడూ,

మీ పక్కింటాయన ఇల్లు ఖాళీ చేస్తూ పాపకిచ్చిన ఆ రెండు పెట్టెల బేస్‌బాల్ కార్డులు (ఆటగాళ్ళ బొమ్మలుండే అట్టముక్కలు) ఎంత చేస్తాయి, వాటిలో ఏవి గ్రేడింగ్‌కి, అంటే కార్డు ఎంత బాగుందో చూసి పదికి మార్కులేసే కంపెనీకి, పంపాలి అని అడిగావు. ఫోటోలు చూశాను. ముందు ధర సంగతి తేల్చేస్తాను, అది బుర్రలో ఉన్నంతసేపూ మిగతా మాట ఏదీ ఎక్కదు. అవి దాదాపు అన్నీ 1987 నుంచి 1992 మధ్యలో వచ్చినవి. డబ్బు లెక్కలో వాటికి విలువ లేనట్టే. ఏదీ గ్రేడింగ్‌కి పంపకు, ఒక్కో కార్డుకి వాళ్ళు తీసుకునే ఫీజే ఇరవై డాలర్లు దాటుతుంది, తిరిగొచ్చిన కార్డు అంత పలకదు.

ఇలా ఎందుకైందో తెలిస్తే పాపకి కూడా చెప్పగలవు. 1950ల్లో కార్డులు కొన్న పిల్లలు వాటిని సైకిలు చక్రం పుల్లలకి తగిలించుకుని టపటపా చప్పుడు చేసుకుంటూ తిరిగారు, వాళ్ళు పెద్దయ్యాక అమ్మలు మిగిలినవి కూడా బయట పారేశారు, అందుకే ఆ కాలంవి తక్కువ మిగిలాయి, తక్కువ మిగిలాయి కాబట్టే రేటు. 1984లో బెకెట్ ధరల పత్రిక మొదలయ్యాక ఆ రేట్లు ఊరూవాడా తెలిసిపోయాయి. అప్పటికే 1980 నాటి కోర్టు తీర్పుతో కార్డులేసే టాప్స్ కంపెనీ ఏకఛత్రాధిపత్యం పోయి 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు దిగాయి, తర్వాత స్కోర్, 1989లో అప్పర్ డెక్. అందరూ కుప్పలు తెప్పలుగా అచ్చేశారు. జనం పెట్టెలకి పెట్టెలు కొని, విప్పకుండా బేస్‌మెంట్లో దాచారు, పిల్లల కాలేజీ ఫీజులకి పనికొస్తాయని. అందరూ దాచిన వస్తువుకి ధర ఎక్కడి నుంచి వస్తుంది? ఆ కాలం కార్డుల్ని ఇక్కడ జంక్ వాక్స్ అంటారు, మైనపు కాగితం ప్యాకెట్లలో వచ్చేవి కాబట్టి.

అయినా ఒకసారి కళ్ళు పెట్టుకుని వెతుకు. 1989 అప్పర్ డెక్ సెట్‌లో (ఆ ఏడు ఆ కంపెనీ వరస నంబర్లతో వేసిన కార్డులన్నీ కలిపి సెట్) మొదటి నంబరు కెన్ గ్రిఫీ జూనియర్ కార్డు, 1990 టాప్స్‌లో 414వ నంబరు ఫ్రాంక్ థామస్ (ముందువైపు పేరు అచ్చు పడకుండా తప్పిపోయింది ఉంటే మటుకు నాకు వెంటనే ఫోన్ చెయ్), 1990 లీఫ్ సెట్‌లో అదే థామస్. ఉంటే తీసి పక్కన పెట్టు. లేకపోతే బాధపడకు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. ఆ పెట్టెలు విలువ లేనివి కావడం మీ అదృష్టం. ఖరీదైన కార్డుతో మొదలుపెట్టిన పిల్లలు దాన్ని ముట్టుకోవడానికే భయపడతారు, ప్లాస్టిక్‌లో బిగించి బీరువాలో పెట్టేస్తారు, వారానికోసారి ఫోన్లో రేటు చూస్తారు, ఆర్నెల్లకి విసుగొస్తుంది. పాప మటుకు వీటిని నేల మీద పరిచి, చేత్తో తిప్పి, వెనక రాసింది చదివి, సర్దడం నేర్చుకోవచ్చు. ఈ హాబీలో సర్దడం సగం పని మాత్రమే కాదు, నా దృష్టిలో అదే హాబీ. ఏ కార్డు ఎక్కడుందో, ఎందుకుందో చెప్పలేకపోతే ఎన్ని వేలు పోగేసినా అది అట్టముక్కల పోగే.

మొదలుపెట్టే ముందు ఇద్దరూ చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి. క్రీమ్ రాసుకున్న చేతులతో, జంతికలు తిన్న చేతులతో ముట్టుకోవద్దు. మరక కనిపించినా దేన్నీ తడిగుడ్డతో తుడవద్దు. ముందు సంవత్సరం ప్రకారం విడదీయండి. సంవత్సరం తెలియకపోతే కార్డు తిప్పి చూడండి, వెనక ఆటగాడి లెక్కల పట్టిక ఉంటుంది, దాని చివరి వరసలో 1986 అని ఉంటే అది సాధారణంగా 1987 కార్డు, ఎందుకంటే సీజన్ మొదట్లో కార్డులు అచ్చు వేసేటప్పటికి వాళ్ళ దగ్గర ఉండేవి కిందటేడు లెక్కలే. ఈ చిట్కా పాపకి చెప్పకుండా తననే కనిపెట్టనివ్వు, నాలుగైదు కార్డులు పక్కపక్కన పెడితే చాలు. ఆ తర్వాత కంపెనీ ప్రకారం, ఆ తర్వాత నంబరు ప్రకారం.

నీ ఫోటోల్లో చెక్క రంగు అంచులున్నవి ఎక్కువ కనిపించాయి. అవి 1987 టాప్స్. ఆ సెట్ మొత్తం 792. అప్పట్లో ఒక్కో పెద్ద షీటు మీద 132 కార్డులు అచ్చేసి కోసేవాళ్ళు, అలాంటి షీట్లు ఆరు, అందుకే 792. కోత కొంచెం పక్కకి జరిగితే ఒకవైపు అంచు సన్నగా, ఇంకోవైపు లావుగా వస్తుంది, కొన్ని కార్డులు చూస్తే మీకే తెలుస్తుంది. ఈ సెట్‌తోనే మొదలుపెట్టండి. ఏడొందల కార్డుల్ని ఒకేసారి వరసలో పెట్టాలని చూస్తే పిచ్చెక్కుతుంది. హాల్లో కార్పెట్ మీద ముందు వందల లెక్కన ఎనిమిది దొంతరలు చెయ్యండి, 1 నుంచి 99, 100 నుంచి 199, అలా. మిగతావన్నీ పెట్టెలో పెట్టేసి ఒక్క దొంతర తీసుకుని పదుల లెక్కన విడదీయండి, ఆఖరికి చేతిలో పది కార్డులే ఉంటాయి, వాటిని వరసలో పెట్టడం చిన్నపిల్లల పనే. ఒక సాయంత్రానికి ఒకటో రెండో దొంతరలు. తొందరేం లేదు. ఒకే నంబరు రెండోది దొరికితే, మూలలు నలగనిది ఉంచుకుని మిగతాది డూప్లికేట్ల పెట్టెలోకి.

బైండర్ కొంటావు కదా, అది డీ ఆకారం రింగులున్నది తీసుకో. గుండ్రటి రింగులుంటే పేజీలు వంపు తిరిగి, రింగు పక్కనున్న కార్డుల మీద నొక్కు పడిపోతుంది. తొమ్మిది గళ్ళ ప్లాస్టిక్ పేజీలు దొరుకుతాయి, పీవీసీ లేనివని రాసి ఉన్నవే కొను. తొమ్మిదేసి చొప్పున 792కి సరిగ్గా 88 పేజీలు పడతాయి, కాబట్టి వందతో వచ్చే పెట్టె ఒక్కటి చాలు. ఒకే బైండర్‌లో అన్నీ కుక్కకు, రెండుగా చెయ్. ఇక్కడ ఒక్కమాట మాత్రం తప్పకుండా పాటించండి: లేని నంబరు దగ్గర గడి ఖాళీగా వదిలెయ్యాలి. కార్డులు ముందుకి జరిపి నింపెయ్యకూడదు. ఆ ఖాళీ గడిలో చిన్న కాగితం ముక్క మీద నంబరు రాసి పెట్టమను. ఖాళీలు కళ్ళ ముందు కనిపిస్తుంటేనే వెతకాలనిపిస్తుంది, కార్డులు అమ్మే కార్డ్ షోకి వెళ్ళినప్పుడు ఏం కొనాలో తెలుస్తుంది.

కొంచెం మంచివి అనుకున్నవాటికి ముందు పల్చటి ప్లాస్టిక్ తొడుగు (స్లీవ్), దాని పైన గట్టి ప్లాస్టిక్ తొడుగు (టాప్‌లోడర్). స్లీవ్ లేకుండా టాప్‌లోడర్లోకి దూర్చితే గీతలు పడతాయి. రబ్బరు బ్యాండు ఇంట్లో ఆ చుట్టుపక్కలకే రానివ్వకు, అంచుల మీద పళ్ళగాటు లాంటి గుర్తు పడిందంటే ఇక పోదు. పెట్టెలు గరాజ్‌లో పెట్టావని ఫోటోలో చూశాను, ఈ రోజే లోపలికి తీసుకురా. మీ టెక్సస్ ఎండకి గరాజ్‌లో కార్డులు వంపు తిరుగుతాయి, అట్టు పెనం మీద లేచినట్టు. అటక మీద వేడి, బేస్‌మెంట్లో చెమ్మ, రెండూ పనికిరావు. పడకగది అల్మారా అన్నిటికంటే మంచిది, నేల మీద కాకుండా ఒక అర పైన.

ఈ సర్దుడు గురించి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ హాబీకి ఒక రూపం ఇచ్చిన మనిషి చేసింది అదే. జెఫర్సన్ బర్డిక్ అని, న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూజ్‌లో కరెంటు సామాన్ల ఫ్యాక్టరీలో మామూలు పనివాడు. కీళ్ళవాతం. పెళ్ళి చేసుకోలేదు. సిగరెట్ పెట్టెల్లో, మిఠాయి ప్యాకెట్లలో వచ్చే కార్డులన్నీ పోగేసి, 1930ల చివర్లో వాటికో కేటలాగ్ అచ్చు వేశాడు, ఏ రకానికి ఏ అక్షరం, ఏ నంబరు అని. ఇవాళ కొన్ని కార్డులు వేలంపాటల్లో కోట్లు పలికే టీ206 సెట్ ఉందే, ఆ పేరు ఆయన కేటలాగ్‌లోదే, టీ అంటే ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డు అని. తన దగ్గరున్న మూడు లక్షల పైచిలుకు కార్డుల్నీ, కాగితాల్నీ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేసి, వంకర్లు పోయిన వేళ్ళతో తనే ఏళ్ళ తరబడి ఆల్బమ్‌లలో అంటించుకుంటూ కూర్చున్నాడు. 1963 జనవరిలో ఆఖరి పేజీ అయింది, మార్చిలో పోయాడు. (మీరు మటుకు జిగురు జోలికి వెళ్ళకండి, అప్పట్లో ప్లాస్టిక్ పేజీలు లేవు కాబట్టి ఆయన అలా చేశాడు.) ఆ వరస ఆయన ఏర్పరచకపోతే ఏది అరుదో, ఏది మామూలుదో చెప్పడానికి మనకి ఆధారమే ఉండేది కాదు.

1987 అయ్యాక ఏం చెయ్యాలి అంటావు. గిరి గీసుకోండి. అన్నీ కావాలనుకున్నవాడు ఏదీ పూర్తి చెయ్యడు. ఒక టీమ్, ఒక ఆటగాడు, ఒక సంవత్సరం, ఏదో ఒకటి. నేను పిట్స్‌బర్గ్ వచ్చి స్థిరపడ్డాక ఈ ఊరి టీమ్ పైరేట్స్ తప్ప వేరేవి కొనకూడదని గీత గీసుకున్నాను, పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి, ఊళ్ళో పైరేట్స్ ఆట, నాకు ఈ ఊరంటే ఆ రెండే. ఆ గీత లోపల కూడా నేను ప్రాణంగా చూసుకునేవి పైరేట్స్ ఆటగాడు రాబర్టో క్లెమెంటే కార్డులు. 1955లో టాప్స్ మొదటి కార్డు వేసింది, ఆఖరిది 1973లో. ఆ ఆఖరిది వచ్చేనాటికి ఆయన లేడు, 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి పోయాడు, సరిగ్గా 3000 హిట్ల దగ్గర ఆగిపోయింది లెక్క. వరసగా పెట్టి చూస్తే ఇంకోటి కనిపిస్తుంది: మొదటి రెండేళ్ళు రాబర్టో అనే ఉంటుంది, 1957 నుంచి 1969 దాకా బాబ్ అని అచ్చేశారు, అలా పిలిస్తే ఆయనకి నచ్చదని తెలిసి కూడా. 1970లో మళ్ళీ రాబర్టో. ఏ ఒక్క కార్డు చూసినా ఇది తెలియదు, అన్నీ వరసలో ఉంటేనే తెలుస్తుంది. పాత క్లెమెంటేలు ఖరీదే, మూలలు అరిగినవి, మడత పడ్డవి అయితే మనలాంటి వాళ్ళకి అందుతాయి, నాకు అవే ఇష్టం.

మీకు దగ్గర్లో రేంజర్స్ టీమ్ ఉంది కాబట్టి పాపకి వాళ్ళ బౌలర్ (పిచర్) కుమార్ రాకర్ పేరు చెప్పు. వాళ్ళ అమ్మ మన భారతీయ కుటుంబంలో పిల్ల. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో ఉండగా 2019లో డ్యూక్ యూనివర్సిటీ మీద ఒకే ఆటలో 19 మందిని స్ట్రైకౌట్ చేసి నో హిట్టర్ (అవతలివాళ్ళకి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేశాడు, మోచేతి ఆపరేషన్ అయ్యి 2024 సెప్టెంబరులో రేంజర్స్ తరఫున మేజర్ లీగ్‌లో దిగాడు. అతని మామూలు కార్డులు తక్కువలోనే దొరుకుతాయి. ఆ పేరు కార్డు మీద చూస్తే పిల్ల కళ్ళు ఎలా వెలుగుతాయో చూడు.

డబ్బు సంగతి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. 1952 టాప్స్ మికీ మాంటిల్ కార్డు 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికిందని వార్త చూసే నీకు ఈ టెన్షన్ పట్టుకుందని నాకు తెలుసు. అదే సెట్ కార్డులు అమ్ముడుపోక, 1960లో టాప్స్ వాళ్ళే పెట్టెలకి పెట్టెలు అట్లాంటిక్‌లో పారబోయించారు. ఏది పెరుగుతుందో అచ్చు వేసినవాళ్ళకే తెలియదు. కొత్త ప్యాకెట్లు ఎప్పుడైనా ఒకటి, పాప పుట్టినరోజుకో, మంచి మార్కులకో కొనివ్వు, విప్పేటప్పటి సరదా వేరు, నేను కాదనను. కానీ పెట్టెలకి పెట్టెలు విప్పడం, లైవ్‌లో డబ్బు కట్టి వాళ్ళు విప్పుతుంటే చూసే బ్రేకులు, ఇవి లాటరీ టికెట్లే, పాప ముందు అసలే వద్దు. ప్యాకెట్ వెనక ఏ కార్డు ఎన్నింట్లో ఒకటి వస్తుందో సన్నక్షరాల్లో ఉంటుంది, అది తన చేత చదివించి లెక్క కట్టించు, భిన్నాలు కూడా వచ్చేస్తాయి. కావాల్సిన కార్డు ఉంటే దాన్నే విడిగా కొనడం ఎప్పుడూ చవక. కార్డ్ షోల్లో పది సెంట్లు, పాతిక సెంట్ల పెట్టెలు ఉంటాయి, ఐదు డాలర్లిచ్చి ఆ పెట్టెల ముందు కూర్చోబెట్టు, గంట వరకూ లేవదు.

గ్రేడింగ్‌ని కూడా గుడ్డిగా నమ్మకు. 1991లో పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు మా పైరేట్స్ హోనస్ వాగ్నర్ టీ206, పదికి ఎనిమిది ఇచ్చారు. దాని అంచులు తనే కత్తిరించానని ఒకప్పుడు దాన్ని అమ్మిన వేలంవాడే 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఒక భూతద్దం కొనుక్కో. పాత కార్డులో బొమ్మ చుక్కలు చుక్కలుగా ఉన్నా అక్షరాలు నిండుగా సిరాతో ఉంటాయి, ఫోటో తీసి మళ్ళీ అచ్చేసిన నకిలీలో చాలాసార్లు అక్షరాలు కూడా చుక్కలే. ఇప్పుడున్న చవక కార్డుల మీద కన్ను అలవాటు చేసుకుంటే రేపు ఖరీదైనది కొన్నప్పుడు పనికొస్తుంది.

స్కూల్లో పాప మార్పిడి చేసుకుంటే అడ్డురాకు, నష్టపోయినా సరే. రెండు విషయాలు మటుకు చెప్పు: అవతలి పిల్లకి తెలియని విలువ తనకి తెలిస్తే చెప్పి మార్చుకోవాలి, మార్చుకున్నాక వెనక్కి అడగకూడదు.

1987 సర్దడం అయ్యాక, లేని నంబర్ల పట్టిక పాప చేతే రాయించి ఫోటో తీసి పంపు. నా దగ్గర ఆ ఏటి డూప్లికేట్లు బోలెడున్నాయి, నిండుకునేదాకా పంపిస్తాను. ఊరికే కాదు, మీ డూప్లికేట్లలో పైరేట్స్ వాళ్ళందర్నీ తీసి పక్కన పెట్టమను. పోస్టులో పంపేటప్పుడు రెండు అట్టముక్కల మధ్య పెట్టి, పెయింటర్లు వాడే నీలం టేపు వెయ్యండి, మామూలు టేపు వేస్తే తీసేటప్పుడు టాప్‌లోడర్‌కి జిగురు అంటుకుంటుంది. చెక్క అంచుల్లో 320 నంబరు బ్యారీ బాండ్స్, అప్పుడు మా పైరేట్స్ వాడే, అది రెండు దొరికితే ఒకటి నాకే.

మీ మావయ్య