దేహం దొరకని మామయ్యను ఏ రోజు తలుచుకోవాలి?

ప్రశ్న: మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. నేవీలో ఇంజిన్ గదిలో పనిచేసేవాడు. 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ ఖుక్రీ అనే యుద్ధనౌకతో పాటే పోయాడు. అప్పటికింకా పెళ్లి కూడా కాలేదు. ఇంటికి టెలిగ్రాం వచ్చింది గానీ మనిషి రాలేదు. పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయి ఉంటారు, ఎప్పటికైనా వస్తాడని అమ్మమ్మ చివరిదాకా కర్మ చెయ్యనివ్వలేదు. ఇప్పుడు ఎనభై దాటిన అమ్మ కూడా అదే మాట అంటోంది. మామయ్య బందీగా దొరికి ఉండే వీలుందా? ఏ రోజున తలుచుకోవాలి? విశాఖ బీచ్‌లోని స్మారకం దగ్గర పూలు పెడితే సరిపోతుందా?
– పేరు వద్దన్న పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, నేనూ నేవీలో సెయిలర్‌గా చేసినవాణ్ణే. ఆ ఓడ పేరు వింటే మాలో ఎవరికైనా మనసు ఆగదు. ముందు మీ అమ్మగారి అనుమానం సంగతి చెబుతాను. ఇన్నేళ్లుగా మీ ఇంటిని పట్టి ఉంచింది అదే కదా.

ఖుక్రీ నుంచి ఎవరూ బందీ కాలేదు. 1971 డిసెంబరు 9, రాత్రి తొమ్మిదింటికి పది నిమిషాల ముందు, గుజరాత్ పక్కనున్న డయ్యూ తీరానికి దాదాపు 40 నాటికల్ మైళ్ల దూరంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడో వేసింది. కొట్టాక నీటి అడుగునుంచే తప్పుకుపోయింది తప్ప, నీళ్లలో పడ్డవాళ్లను ఎక్కించుకోలేదు. ప్రాణాలతో మిగిలిన 67 మందిని మర్నాడు మన ఐఎన్ఎస్ కచ్చల్ వచ్చి తీసుకెళ్లింది. 18 మంది అధికారులు, 176 మంది సెయిలర్లు ఓడతో పాటే పోయారు. కష్టమైనా ఈ మాట అమ్మగారికి మీ నోటితోనే చెప్పండి. తమ్ముడు ఏ జైల్లోనో మగ్గుతూ ఇంటివాళ్ల కోసం ఎదురుచూశాడన్న బాధైనా ఆమెకు తప్పుతుంది.

మీరు అడగలేదు గానీ, అమ్మగారు తప్పక అడుగుతారు: వాడు ఎంత బాధపడ్డాడో అని. రాత్రి ఎనిమిదింటికి వాచ్, అంటే డ్యూటీ వంతు, మారుతుంది. మామయ్య డ్యూటీలో ఉంటే ఇంజిన్ గదిలో, లేకపోతే సెయిలర్లు తిని పడుకునే మెస్ డెక్‌లో ఉండి ఉంటాడు. రెండూ కింది భాగాలే. పైకి రావాలంటే నిట్టనిలువు ఇనుప నిచ్చెన, దాని పైన ఒక్క మనిషి మాత్రమే పట్టే హ్యాచ్, అంటే మూత ఉన్న ద్వారం. మాకు శిక్షణలో కళ్లకు గంతలు కట్టి, చేత్తో గోడ తడుముకుంటూ ఆ నిచ్చెన వెతుక్కోమనేవారు. దీపాలన్నీ ఆరి, ఓడ పక్కకు ఒరిగాక ఆ నిచ్చెన ఉండాల్సిన చోట ఉండదు. ఖుక్రీ నిమిషాల్లో మునిగింది. కిందనున్న కుర్రాళ్లకు ఆలోచించుకునే వ్యవధి కూడా లేదు.

కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గురించి కూడా చెప్పండి. తన లైఫ్ జాకెట్‌ను ఒక కుర్ర సెయిలర్‌కు ఇచ్చేసి, దొరికినవాళ్లను దొరికినట్టు నీళ్లలోకి దూకించి, తాను మాత్రం ఓడ విడిచి రాలేదు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. మీ మామయ్య అలాంటి పెద్దదిక్కు కింద పనిచేశాడు.

ఇక ఏ రోజన్నది. ఇంగ్లిషు తేదీ కావాలంటే డిసెంబరు 9. నేవీ డే 4వ తేదీన కాబట్టి ఆ రోజే చేసేద్దామనుకోకండి. అది కరాచీ మీద మన దాడికి గుర్తుగా చేసే పండుగ. తిథి ప్రకారమైతే విరోధికృత్ నామ సంవత్సరం, మార్గశిర బహుళం. తిథి ఏదో పాత పంచాంగం చూసి మీ పురోహితుడు చెబుతారు. మహాలయ పక్షంలో, ఆయుధాల వల్ల పోయినవారికి చతుర్దశి అని పెద్దలు ఎప్పుడో ఏర్పరిచి పెట్టారు. మహాలయ తర్పణాల్లో మేనమామకు ఎటూ చోటుంది, మీ అన్నదమ్ములు నిస్సంకోచంగా వదలవచ్చు. ఇన్నాళ్లూ చెయ్యనందుకు దోషమేమోనని కుమిలిపోవద్దు. కొడుకు వస్తాడని చూసిన తల్లిది దోషమనే శాస్త్రం ఏదైనా ఉంటే దాన్ని నేను ఒప్పుకోను.

విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్నది విజయ స్మారకం. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ ముందు మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ దానిది. అక్కడ పూలు పెట్టడం తప్పు కాదు గానీ మామయ్య చోటు వేరే ఉంది. డయ్యూలో సముద్రానికి ఎదురుగా గుట్ట మీద, అద్దాల పెట్టెలో ఖుక్రీ నమూనా పెట్టి స్మారకం కట్టారు. 1989లో అదే పేరుతో వచ్చిన రెండో ఖుక్రీని 2021 డిసెంబరులో మన విశాఖలోనే విరమింపజేసి, ప్రదర్శన కోసం డయ్యూకే ఇచ్చారు. రైల్లో వేరావల్ దాకా వెళ్లి అక్కణ్ణుంచి రోడ్డు మీద పోవాలి. వేరావల్ పక్కనే సోమనాథ్ ఉంది. అక్కడి త్రివేణీ సంగమంలో పితృకార్యాలు చేయిస్తారు. అమ్మగారు ప్రయాణం చెయ్యగలిగితే రెండూ ఒకే దారిలో అయిపోతాయి. ఆ ప్రయాణం కుదరకపోతే ఢిల్లీలో, ఇండియా గేటు దగ్గర 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక యుద్ధాల్లో పోయినవారి పేర్లు త్యాగచక్రం గోడల మీద గ్రానైట్ రాళ్లలో చెక్కారు. ఆ రాయి మీద ఆమె చెయ్యి పెట్టించండి.

ఒక పని మాత్రం రేపే మొదలుపెట్టండి. ఆ టెలిగ్రాం, మామయ్య రాసిన ఉత్తరాలు, అమ్మమ్మ పేర వచ్చిన పింఛను కాగితాలు, ఏవి మిగిలి ఉంటే అవి ట్రంకుపెట్టెలోంచి తీసి ఫోన్‌తో ఫొటోలు తియ్యండి. పింఛను కాగితాల్లో ఆయన సర్వీసు నంబరు ఉండాలి. అది దొరికితే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. సెయిలర్ల రికార్డులు ముంబైలో ఉంటాయి. ఆ కార్యాలయం ద్వారా అడగవచ్చు. నంబరు చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి, దరఖాస్తు ఎలా రాయాలో నేను చెబుతాను.