నాచు నూనెకి ముందు నీళ్ళ లెక్క

చిట్టితల్లికి ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి నాచు నుంచి డీజిల్ తీస్తానంటున్నావట. మీ నాన్న ఫోన్‌లో ఒకటే గోల. నాకూ గుబులుగానే ఉంది గానీ, మన ఇంట్లో ఇంత ధైర్యం నీకొక్కదానికే వచ్చిందని మురిపెం కూడా.

నాచు పెంచే తొట్టి లోతు 20-30 సెంటీమీటర్లు చాలు. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల-క్షార కొలత) పైకి పాకుతోందంటే కార్బన్ డయాక్సైడ్ చాలడం లేదని. కిలో ఎండు నాచుకి అది సుమారు 1.8 కిలోలు కావాలి. రోజూ ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టి చూడు. నాచుని మేసే రోటిఫర్లనే సూక్ష్మజీవులు పడ్డాయంటే కొద్ది రోజుల్లోనే తొట్టి ఖాళీ.

నా భయమంతా నువ్వు ఎర్రగీత గీసి పంపిన ఆ 'నూనె 50 శాతం' గురించే, అంటే ఎండు నాచు బరువులో సగం నూనేనన్న మాట గురించే. ఎరువుగా ఇచ్చే నత్రజని ఆపి నాచుని పస్తుపెడితే శాతం పెరుగుతుంది, కానీ ఎదుగుదల కుంటుపడుతుంది. మొత్తం మీద రోజుకి చేతికొచ్చే నూనె పెరగదు. 1978 నుంచి 1996 దాకా అమెరికా ఇంధన శాఖ పరిశోధన నడిపి తేల్చిన సంగతే ఇది. అయినా ప్రతివాళ్ళూ ఫ్లాస్కులో వచ్చిన శాతాన్ని ఎకరాలతో గుణిస్తారు!

నీళ్ళ లెక్క వెయ్యి. లీటరుకి అరగ్రాము నాచుంటే, కిలో కోసం 2,000 లీటర్లు వడకట్టాలి. సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి నీళ్ళు వేరుచేసే యంత్రంలో) తిప్పి 20 శాతం నాచుండే ముద్ద చేశావే అనుకో, ఆ కిలో నాచుని పట్టుకుని ఇంకా 4 కిలోల నీళ్ళుంటాయి. వాటిని ఆవిరి చేయడానికే 9 మెగాజౌళ్ళ శక్తి కావాలి. నాచులో నూనె 20 శాతమైతే వచ్చేది 200 గ్రాములు, అందులో శక్తి ఏడున్నర మెగాజౌళ్ళ లోపే. ఎండబెట్టడంలోనే మునిగిపోయావు తల్లీ. ఎండలో ఆరబెడతానంటావేమో, నిదానంగా ఆరే ముద్దలో నూనె విరిగి ఆమ్లాలవుతుంది, తర్వాత డీజిల్‌గా మార్చడానికి మెథనాల్‌తో పాటు కాస్టిక్ సోడా పడగానే సబ్బు తయారు.

ముద్దని తడిగానే 300-350 డిగ్రీల్లో, 200 బార్ల దాకా (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు) ఒత్తిడిలో ఉడికిస్తే ముడినూనె వస్తుంది. దారి అదే అనుకుంటాను, అందులో చేరే నత్రజనిని మళ్ళీ తీయాల్సి వచ్చినా సరే. కానీ ఆ ఒత్తిడి పాత్రని వెల్డింగ్ షాపులో చేయించావో, ఊరుకోను. మెథనాల్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు, అదీ గుర్తుంచుకో.

మురుగునీటి శుద్ధితో జతకలిపి చూడు. నత్రజని, ఫాస్ఫరస్ కొనక్కర్లేదు, శుద్ధికే డబ్బులొస్తాయి. ఇంధనం దాని తర్వాత.

ముందు ఒక్క తొట్టి పెట్టు, ఏడాది పొడుగునా నడుపు. పొడి బరువు, పంపుకీ సెంట్రిఫ్యూజ్‌కీ కాలిన కరెంటు వారంవారం రాసి పంపు. నూనె శాతం రాయకపోయినా ఏమీ అనుకోను.

మీ పెదనాన్న