అక్షరాలు రాని పిల్లలకి ప్రాస పదాలు నేర్పొచ్చా?

నేర్పొచ్చు, మూడు నాలుగేళ్ల పిల్లలకి అఆలు రాకపోయినా పర్లేదు, ఎందుకంటే ప్రాస పట్టుకోవడం చెవి పని, పలకతో సంబంధం లేదు. అసలు చిక్కు వేరే. ఆ వయసులో మాట వినగానే గుర్తొచ్చేది వస్తువు, దాని శబ్దం కాదు. కోనసీమలో కాలువ గట్టున పెరిగే పిల్లని "పడవ, గొడవ, తెడ్డు, వీటిలో ఏ రెండు ఒకేలా వినిపిస్తున్నాయి?" అని అడిగితే పడవ, తెడ్డు అనేసే అవకాశమే ఎక్కువ, తన లెక్కలో అది సబబే మరి! కసరకుండా "ప...డవ, గొ...డవ" అని చివరి భాగం నొక్కి పలికి వినిపించండి. రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) కోసం నిలబడ్డప్పుడైనా ఆడించొచ్చు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, మొదటి అక్షరం కలిస్తే చాలనుకుని పడవ, పడక అని చెప్పేస్తారు. ఈ ఆటకి కలవాల్సింది చివర. అదీ ఆఖరి అక్షరం ఒక్కటే అయితే చాలదు: పడవకీ కాలువకీ చివర్న 'వ' ఉన్నా దాని ముందు శబ్దం వేరు కాబట్టి చెవికి అంతగా ఆనదు, అదే కాలువ, చలువ అంటే టక్కున పట్టుకుంటారు. పిల్ల "మొడవ" అని లేని మాట కల్పించినా ఒప్పేసుకోండి, సంగతి అర్థమైందన్నమాటే.