ఇంజన్ ఆయిల్: పదివేలకా, అయిదువేలకా?

ఇంజన్ ఆయిల్ మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నాది పెట్రోల్ స్విఫ్ట్. 10,000 కిలోమీటర్లకు ఆయిల్ మారిస్తే చాలని షోరూమ్‌లో చెప్పారు. మా వీధి మెకానిక్ అయిదువేలకే మార్చెయ్యమంటున్నాడు. కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకు రానూపోనూ 26 కి.మీ. ఎవరి మాట వినాలి? – హైదరాబాద్ పాఠకుడు

జవాబు: కారుతో వచ్చిన మాన్యువల్ మాట వినండి, కాకపోతే మొత్తం వినండి. "10,000 కి.మీ. లేదా 12 నెలలు, ఏది ముందైతే అది" అన్న పట్టిక అందరూ చూస్తారు. ఆ తర్వాత మరో పట్టిక ఉంటుంది, అది కఠినమైన వాడకానికి. దుమ్ము రోడ్లు, చిన్న చిన్న ప్రయాణాలు, బండి కదలకుండా ఇంజన్ గంటల తరబడి తిరగడం, ఎక్కువ బరువు మొయ్యడం అందులోకి వస్తాయి. చాలా కార్లకు అక్కడ గడువు సగానికి పడిపోతుంది.

మీటరు కిలోమీటర్లనే లెక్కపెడుతుంది. సిగ్నల్ దగ్గర నిలబడ్డ నాలుగు నిమిషాలూ దాని లెక్కలోకి రావు, ఆయిల్ లెక్కలోకి మాత్రం వస్తాయి. గంటకు సగటున 60 కి.మీ. వేగంతో హైవే మీద తిరిగే బండికి పదివేల కిలోమీటర్లంటే 167 గంటల పని. సిటీలో సగటు 20 దాటని బండికి అదే పదివేలు 500 గంటలు. డిస్‌ప్లేలో సగటు వేగం చూసుకోండి. 25కి లోపుంటే మీది కఠిన వాడకమే అనుకోవచ్చు. ఇది మేము పెట్టుకున్న కొండగుర్తు, కంపెనీ రూలు కాదు.

నెలకు 26 రోజులు ఆఫీసుకు వెళ్లినా మీరు తిరిగేది 676 కి.మీ. ఏడాదికి 8,100 చిల్లర. అంటే పదివేల కంటే ముందు క్యాలెండరే వచ్చి నిలబడుతుంది. మీ ట్రాఫిక్‌కు అయిదువేలు, అంటే సుమారు ఏడు నెలలు, సరైన గడువే. మాన్యువల్‌లో కఠిన వాడకానికి ఆరు నెలలే రాసి ఉంటే ఆరే. ఫిల్టర్ కూడా ప్రతిసారీ మార్పించండి. పాత ఫిల్టర్‌లో పావు లీటరు దాకా మురికి ఆయిల్ నిలిచిపోయి కొత్తదాంట్లో కలుస్తుంది.

గడువు దాటితే మర్నాడే ఇంజన్ సీజ్ అయిపోదు, అందుకే జనం ధైర్యం చేస్తారు. మసిని పట్టి ఉంచే మందులు, ఆమ్లాన్ని చంపే మందులు ఆయిల్‌లో నెమ్మదిగా ఖర్చవుతాయి. ఆ తర్వాత జిగురు కట్టడం మొదలవుతుంది. మొదట పిస్టన్ రింగులు గాడిలో అతుక్కుంటాయి. ఆయిల్ పైకెక్కి మండుతుంది, సైలెన్సర్‌లో నీలం పొగ కనిపిస్తుంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టెను ఛాంబర్ అంటారు. అందులోని ఆయిల్ పంపు జాలీ మూసుకుపోతే ఇంకా ప్రమాదం. ఇంజన్ బోరుకొచ్చిందని మెకానిక్ చెప్పేనాటికి, తప్పు జరిగి రెండేళ్లయి ఉంటుంది.

ప్రశ్న: డాలస్‌లో మా అబ్బాయి తన టయోటాకు 10,000 మైళ్లకోసారి ఆయిల్ మారుస్తాడట. నా వేగన్ ఆర్ ఏడాది మొత్తం 1,500 కి.మీ. కూడా తిరగదు. గుడి, బజారు, బ్యాంకు, అంతే. ఏటా ఆయిల్ పారబోయడం దండగ కాదా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. 0డబ్ల్యూ-20 అనే బాగా పల్చటి సింథటిక్ ఆయిల్ వాడే కార్లకు అక్కడ టయోటా 10,000 మైళ్లు లేదా 12 నెలలు అంటుంది. ఆ "12 నెలలు" ఆయన చెప్పడం మర్చిపోయినట్టున్నారు. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి అక్కడా 5,000 మైళ్లే.

తక్కువ తిరిగే బండికి ఆయిల్ ఎక్కువకాలం వస్తుందనుకోవడం సహజం. జరిగేది మాత్రం తలకిందులు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చాలాభాగం సైలెన్సర్ నుంచి పోయినా, కొంత రింగుల సందుల్లోంచి ఛాంబర్‌లోకి దిగుతుంది. ఇంజన్ బాగా కాగితే ఆ తేమ, దాంతోపాటు దిగిన పచ్చి పెట్రోలు ఎగిరిపోతాయి. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చింది కదా అనుకోకండి, అది చూపించేది కూలెంట్ వేడి, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం వేడి. ఆయిల్ కాగడానికి అంతకంటే చాలాసేపు పడుతుంది. బజారుకి వెళ్లొచ్చే పది నిమిషాలు దానికి చాలవు.

ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడండి. పాల మీగడలాంటి లేత పసుపు పూత ఉంటే అది ఈ తేమే. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, మీద ఆయిల్ మామూలుగా ఉంటే కంగారు అక్కర్లేదు. డిప్‌స్టిక్ మీద కూడా చిక్కటి పాల టీ రంగు కనిపిస్తే కూలెంట్ కలుస్తోందని అనుమానించాలి. ఆ రెండూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్‌ను మెకానిక్‌కు చూపించకుండా బండి తియ్యకండి.

కనీసం ఏడాదికోసారి మార్చడం మీకు తప్పదు. మాన్యువల్‌లో కఠిన వాడకానికి ఇంకా తక్కువ రాసి ఉంటే అదే. ఆయిల్ బాగా కాగేలా వారానికోసారి మంగళగిరి దాకా వెళ్లి రండి. ఇంటి ముందే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్యడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. నీరు పుడుతుంది, ఎగిరిపోయే వేడి మాత్రం రాదు.

ప్రశ్న: డీజిల్ ఎస్‌యూవీ, 2022 మోడల్. ఆయిల్ మార్చిన మూడో రోజుకే నల్లబడింది. ఆర్నెల్ల తర్వాత చూస్తే డిప్‌స్టిక్ మీద పై గీత దాటి ఉంది. ఎవరూ పోయలేదు. ఆయిల్ ఎలా పెరుగుతుంది? – వరంగల్ పాఠకుడు

జవాబు: నలుపు గురించి మర్చిపోండి. డీజిల్ మసిని పట్టుకోవడమే ఆ ఆయిల్ పని. పెరగడం మాత్రం పట్టించుకోవలసిన విషయం.

2020 ఏప్రిల్ 1 నుంచి బండి పొగకు హద్దు పెట్టే బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్, అదే డీపీఎఫ్, పెడుతున్నారు. అందులో మసి నిండినప్పుడు ఇంజనే దాన్ని కాల్చేసుకుంటుంది. ఆ వేడి కోసం చాలా ఇంజన్లలో, పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు ఆలస్యంగా ఇంకొంచెం డీజిల్ చిమ్ముతారు. అందులో కొంత సిలిండర్ గోడ మీద పడి ఛాంబర్‌లోకి జారుతుంది. పెట్రోలులా డీజిల్ సులువుగా ఆవిరైపోదు. ఈ పని మధ్యలో ఉండగా మీరు ఇంటికొచ్చి ఇంజన్ ఆపేస్తే, మర్నాడు మళ్లీ మొదటినుంచి. ఇలా ప్రతిసారీ కాస్త డీజిల్ కిందికి దిగుతూ ఉంటుంది. ఆయిల్ పల్చబడి బేరింగులు అరుగుతాయి. మట్టం మరీ పెరిగితే ఆ ఆయిల్‌నే ఇంజన్ పీల్చుకుని, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది.

డిప్‌స్టిక్ వాసన చూడండి, డీజిల్ కొడుతుంది. పై గీత దాటింది కాబట్టి కిలోమీటర్లు చూడకుండా ఇప్పుడే మార్పించండి. ఇకమీద డీపీఎఫ్ లైటు వెలిగితే హైవే ఎక్కి, 60కి పైన వేగంలో, అది ఆరేదాకా నడపండి. సుమారు ఇరవై నిమిషాలు పట్టొచ్చు. ఆయిల్ కూడా బూడిద తక్కువగా ఉండే రకమే పోయించాలి. మాన్యువల్‌లో ఏసీఈఏ సీ2, సీ3 అని ఉండేవి ఇవే. మసి కాలిపోతుంది, ఆయిల్ మందుల్లోని లోహాల బూడిద కాలదు. అది ఫిల్టర్‌లో శాశ్వతంగా పేరుకుంటుంది.

ప్రశ్న: మా రామగుండం ఎండలకు 5డబ్ల్యూ-30 పల్చగా అయిపోతుందట, 20డబ్ల్యూ-50 పోయించమంటున్నారు. నిజమేనా? – రామగుండం పాఠకుడు

జవాబు: బయట 30 ఉన్నా 46 ఉన్నా, కూలెంట్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఇంజన్‌ను 90 డిగ్రీల పైచిలుకు దగ్గరే పట్టి ఉంచుతుంది. చివర ఉన్న 30, 50 అంకెలు 100 డిగ్రీల దగ్గర చిక్కదనానికి గుర్తులు. ముందున్న 5, 20 చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేటప్పటివి. ఇవాళ్టి ఇంజన్లలో బేరింగుల సందు సన్నం. వాల్వుల సమయాన్ని మార్చే యంత్రాంగం, టైమింగ్ చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తాయి. చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పైదాకా అందదు, ఎక్కువ అరుగుదల అప్పుడే. మైలేజీ కూడా తగ్గుతుంది. మాన్యువల్ ఒప్పుకున్న అంకెల్లోంచే ఎంచుకోండి. ఆయిల్ తాగుతున్న పాత బండికి, అందులో ఉంటే, ఒక మెట్టు చిక్కటిది తీసుకోవచ్చు.

ప్రశ్న: సీఎన్‌జీ క్యాబ్. 12,000 తిరిగినా ఆయిల్ తేనెలా ఉంది. ఇంకా నడపొచ్చా? – విజయవాడ డ్రైవర్

జవాబు: వద్దు. గ్యాసుకు మసి ఉండదు, అందుకే రంగు మారదు. కానీ మంట వేడి ఎక్కువ కావడంతో నైట్రోజన్ ఆక్సైడ్లు ఆయిల్‌తో కలిసి దాన్ని లోపల్లోపల చిక్కబరుస్తాయి. రంగు చూసి ఆయిల్ ఆయువు చెప్పలేం. మాన్యువల్ గడువు దాటనివ్వకండి.

ప్రశ్న: ఆయిల్ మార్చేటప్పుడు పక్కన నిలబడి ఏమేం చూడాలి? – రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: ముందు కొత్త డబ్బా సీలు మీ ఎదుటే తియ్యాలి. ఖాళీ డబ్బాలు మీరే తీసుకెళ్లండి, వాటిలో నకిలీ నింపి అమ్మేవాళ్లున్నారు. బండి సమతలంగా, ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి. డ్రైన్ బోల్ట్ తీశాక ధార సన్నబడి చుక్కలయ్యేదాకా పది, పదిహేను నిమిషాలు ఆగాలి. హడావుడి పడేది ఇక్కడే.

బోల్ట్ కింది వాషర్ ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు. కొత్తది వేయించండి, దాని ఖర్చు రెండు టీలకు మించదు. పాత వాషర్‌తో కారుతోందని బోల్ట్‌ను బలంగా బిగించేస్తారు. అల్యూమినియం ఛాంబర్ మర పోయేది అలాగే. ఫిల్టర్ తీసినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుపోయిందేమో వేలితో తడిమి చూడమనండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే, స్టార్ట్ చెయ్యగానే ఆయిల్ చిమ్ముతుంది. కొత్త రింగుకు ఆయిల్ రాసి, చేత్తో తాకేదాకా తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు చాలు.

చిన్న పెట్రోల్ కార్లకు మూడు, మూడున్నర లీటర్లు పడుతుంది. అరలీటరు తక్కువ పోసి, ఇంజన్ అర నిమిషం నడిపి ఆపి, అయిదు నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ చూసి మిగతాది పోయాలి. రెండు గీతల నడుమ, పై గీతకు కాస్త కింద ఉంటే చాలు. ఎక్కువైతే క్రాంక్ చిలికి నురగ తెస్తుంది. నురగకు ప్రెషర్ నిలవదు. ఇంజన్ ఫ్లష్, అంటే లోపల మందు పోసి కడగడం, చేయిద్దామా అని అడిగితే, వేళకు మార్చే బండికి అక్కర్లేదనండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా పేట కార్లన్నీ మునిగాయి. మళ్లీ అలా జరిగితే? – సింగ్‌నగర్ పాఠకుడు

జవాబు: సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే ఆ నీరు గాలిలా కుదించుకుపోదు, దాంతో పిస్టన్‌ను నడిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసి, బండిని ఎత్తించి తీసుకెళ్లండి. స్టార్ట్ చెయ్యని ఇంజన్‌లో నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. డ్రైన్ బోల్ట్ వదులు చేస్తే ముందు నీళ్లే వస్తాయి. సిలిండర్లు ఆరబెట్టి చేత్తో తిప్పి చూశాక, కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి పది నిమిషాలు నడిపి పారబోయాలి. మళ్లీ కొత్తది పోసి, 500 కి.మీ. తర్వాత ఇంకోసారి మార్చాలి. గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి మర్చిపోతారు, దానికీ గాలి గొట్టం ఉంటుంది, నీరు అక్కడినుంచీ దూరుతుంది.

ప్రశ్న: తీసిన పాత ఆయిల్ దూలాలకు చెద పట్టకుండా పూయొచ్చా? – పాలకొల్లు పాఠకుడు

జవాబు: వద్దు. వాడిన ఆయిల్‌లో లోహాలు, క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి, ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. మూత గట్టి డబ్బాలో పట్టి, దాన్ని రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటర్‌కు ఇచ్చెయ్యండి. కాలువలో మాత్రం పొయ్యకండి.