ఎర్ర లైటు చూస్తే కంటిచూపు మెరుగవుతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా నాయనకు 58 ఏళ్లు, తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. నాలుగు నెలల నుంచి పేపర్ చదవడం కష్టంగా ఉందంటున్నారు. యూట్యూబ్‌లో చూసి రెడ్ లైట్ థెరపీ ల్యాంప్ తెప్పించుకున్నారు. రోజూ పొద్దున్నే మూడు నిమిషాలు దాన్ని చూస్తున్నారు, మోకాళ్లకూ పెట్టుకుంటున్నారు. చూపు కాస్త తేటపడిందంటున్నారు. అయిదో తరగతి చదివే మా పాపకు మైనస్ పవర్ ఉంది. పాపను కూడా చూడమంటున్నారు. చూపించొచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: పాపకు వద్దమ్మా. మీ నాయన కూడా కళ్లకు ఆ లైటు ఆపేసి, ఈ వారంలోనే రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర) పరీక్ష చేయించుకోవాలి. లైటు సంగతి అటుంచితే, చూపు మసకబారి నాలుగు నెలలైనా ఇంకా కంటి డాక్టరుకు చూపించకపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

షుగర్ వల్ల రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. వాటి నుంచి నీరు కారి, చదవడానికి పనికొచ్చే నడిమి భాగం ఉబ్బుతుంది. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. వేళకు పట్టుకుంటే ఇంజెక్షన్లతోనో లేజర్‌తోనో చూపు నిలబెట్టవచ్చు. అయితే మసక అంతా దీనివల్లే అనుకోనక్కర్లేదు. శుక్లం కావచ్చు. షుగర్ ఎక్కువ తక్కువలవుతుంటే కంటి లెన్స్ ఉబ్బి పవర్ కూడా మారుతుంది. ‘కాస్త తేటపడింది’ అన్నది అలా షుగర్ దిగిన రోజుల్లో కనిపించిన తేడా అయినా కావచ్చు.

మీ నాయన నమ్మకం పూర్తిగా గాలివాటం కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో గ్లెన్ జెఫరీ బృందం 2020లో 24 మందితో, రోజుకు మూడు నిమిషాల చొప్పున రెండు వారాలు, 670 నానోమీటర్ల ఎర్ర కాంతితో ప్రయోగం చేసింది. వయసుతో పాటు నీరసించే మైటోకాండ్రియాకు, అంటే కణంలో శక్తిని తయారుచేసే భాగాలకు, ఈ కాంతి ఊతమిస్తుందన్నది వాళ్ల ఆలోచన. నలభై దాటినవాళ్లు రంగుల మధ్య తేడాను కొంత మెరుగ్గా గుర్తించారు. 2021లో చేసిన మరో ప్రయోగంలో పొద్దున చూసినవాళ్లకే ఫలితం కనిపించింది, మధ్యాహ్నం చూసినవాళ్లకు లేదు. యూట్యూబ్‌లో తిరిగే ‘పొద్దున్నే మూడు నిమిషాలు’ అక్కడిదే. కానీ వాళ్లంతా కంటి జబ్బు లేనివాళ్లు. పరీక్షించింది రంగుల తేడాను, పేపర్ చదివే చూపును కాదు.

షుగర్ రోగుల విషయం విడిగా పరీక్షించారు. రెటీనా ఉబ్బినవాళ్లకు అమెరికాలో నాలుగు నెలలపాటు, రోజుకు రెండుసార్లు, 90 సెకన్ల చొప్పున ఇదే రకం కాంతి ఇచ్చి చూశారు. ఉత్తుత్తి లైటు వాడినవాళ్లతో పోలిస్తే ఉబ్బు ఏమీ తగ్గలేదు. వయసుతో వచ్చే ఒక రకం మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బుకు 2024లో అమెరికాలో ఒక యంత్రానికి అనుమతి దొరికిన మాట నిజమే. అది డాక్టరు దగ్గర వాడేది, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ల్యాంప్‌తో దానికి పోలిక లేదు.

ఇక పాప. చైనాలో పిల్లల మైనస్ పవర్ పెరగకుండా ఎర్ర కాంతి యంత్రాలు విస్తారంగా వాడారు. కొంత ఫలితమూ కనిపించింది. అయితే అయిదు నెలలు వాడిన పన్నెండేళ్ల అమ్మాయికి రెండు కళ్లలోనూ రెటీనా దెబ్బతిందని 2023లో వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత ఆ దేశమే ఈ యంత్రాలను అత్యంత కఠిన నియంత్రణ ఉండే తరగతిలోకి మార్చింది. అలాంటి యంత్రాలకే ఇంత జాగ్రత్త అవసరమైతే, ఎంత కాంతి వస్తోందో తెలియని ల్యాంప్ ముందు పసిపిల్లను ఎలా కూర్చోబెడతాం? పాపను రోజూ రెండు గంటలు ఎండపొడ తగిలేలా బయట ఆడనివ్వండి. పవర్ త్వరగా పెరుగుతుంటే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేక కళ్లద్దాలు ఉన్నాయి. ఏది తగునో పరీక్షించి చెబుతారు.

మోకాళ్లకు పెట్టుకుంటే పెద్దగా ప్రమాదం లేదు, ఎక్కువ ఆశించొద్దు. క్యాన్సర్ చికిత్సలో వచ్చే నోటి పుండ్లకు, కొంతవరకు జుట్టు రాలడానికి ఈ కాంతి పనికొస్తుంది. ‘ఒంటికంతా మంచిది, షుగర్ తగ్గుతుంది’ అనే మాటలు నమ్మి మాత్రలు మాత్రం ఆపనీయకండి. బల్బు వేడెక్కే రకమైతే ఇంకో జాగ్రత్త: షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు చర్మం కాలినా తెలియదు.

రెటీనా పరీక్షకు తిరుపతిలో రుయాకు గానీ అరవింద్ కంటి ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి. మూడు నెలల సగటు షుగర్ రిపోర్టు, పాత కళ్లద్దాలు, వాడే మాత్రల చీటీ వెంట ఉంచుకోండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు కాబట్టి కొన్ని గంటలు మసకగా ఉంటుంది. ఆయన్ను బండి నడపనీయకుండా ఎవరైనా తోడు వెళ్లండి. ఈలోగా కంటి ముందు నల్లటి చుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా, తెర పడినట్టున్నా వారం దాకా ఆగకండి, అదే రోజు బయల్దేరండి.

– కంటి వైద్య నిపుణుడు, తిరుపతి