చర్చి బోర్డు మీద ‘దేవాలయం’ – తప్పా?

సందేహం: మాది ప్రొద్దుటూరు. మా వీధి చివర చర్చి బోర్డు మీద ‘దేవాలయం’ అని ఉంటుంది. అది చూసి మా అబ్బాయి వ్యాసంలో ‘చర్చి అనే దేవాలయం’ అని రాశాడు. వాళ్ళ సారు ఎర్రసిరాతో సున్న చుట్టి, ‘దేవాలయం హిందువులది, క్రైస్తవులది ప్రార్థనా మందిరం’ అని దిద్దారు. ఎవరిది ఒప్పు? గుడి, కోవెల, మందిరం – వీటికి తేడా ఏమన్నా ఉందా?

సమాధానం: బోర్డు రాసినవాళ్ళది ఒప్పే. మీ అబ్బాయిదీ ఒప్పే, ఒక చిన్న మాట మినహా. దాని సంగతి చివర్లో.

ఆలయం అంటే ఉండే చోటు. మంచు ఉండేది హిమాలయం, చదువు ఉండేది విద్యాలయం. బస్టాండులో శౌచాలయం మీకు తెలిసిందే. దేవాలయంలో దేవుడున్నాడు గానీ ఏ దేవుడన్నది ఆ మాటలో లేదు. తెలుగు బైబిల్లో యెరూషలేము గుడిని పాత నిబంధన ఎక్కువగా ‘మందిరము’ అంటుంది, కొత్త నిబంధన ‘దేవాలయము’ అంటుంది. అమృత్‌సర్ గురుద్వారాను మన పత్రికలు స్వర్ణ దేవాలయం అని ఎన్నేళ్ళుగానో రాస్తున్నాయి. దానికి ఏ సారూ సున్న చుట్టినట్టు లేదు!

పోనీ మందిరం క్రైస్తవులదా అంటే, సీమ పల్లెల్లో భజనలు జరిగే రామమందిరాలు ఏమైపోవాలి? సంస్కృతంలో మందిరమంటే ఉత్త ఇల్లే. శయనమందిరంలో పడుకుంటారు, పూజ చేయరు.

ఇక గుడి. ఒక ఆదివారం జమ్మలమడుగు బస్టాండులో కూర్చున్నాను. జిప్పు కవరులో బైబిలు పెట్టుకొని ఒక పెద్దావిడ వచ్చింది. పక్కనున్నామె ‘గుడి ఇడిసినారా అక్కా?’ అంది. ‘ఇప్పుడే ఇడిసినారు’ అంది ఈవిడ. బడి విడిచినట్టే గుడి విడవడం. పాతతరం క్రైస్తవులకు చర్చి ‘గుడే’, బోర్డు మీద ఏమున్నా సరే. ఈ గుడి అచ్చమైన ద్రావిడ పదం. తమిళంలో ‘కుడి’ అంటే ఇల్లు, కాపురం. మన గుడిసెలో ఉన్నదీ అదే మాట. (చంద్రుడికి గుడి కట్టింది, వానొస్తుంది అంటారే, ఆ గుడి వేరు, అక్కడ అర్థం వలయం.)

నాకు అన్నిట్లోకీ ముచ్చటైనది కోవెల. తమిళంలో ‘కో’ అంటే రాజు, ‘ఇల్’ అంటే ఇల్లు. మొదట్లో రాజుగారి నగరుకూ, దేవుడి గుడికీ కోయిల్ అనే మాటే ఉండేది. మనకు రాజు అనే అర్థంలో ‘కో’ విడి మాటగా లేదు, కోవెల మాత్రం మిగిలింది. సంస్కృతంలో ప్రాసాదం కూడా అంతే, రాజుదీ దేవుడిదీ. హీబ్రూలో యెరూషలేము గుడిని ‘హేఖాల్’ అంటారు. దాని మూలం సుమేరియన్ ‘ఎ-గల్’, అంటే పెద్ద ఇల్లు, రాజభవనం. కడప పెద్ద దర్గాకు రోజూ వెళ్ళేవాళ్ళకూ ఇది తట్టి ఉండదు: పారసీలో దర్గా అంటే గడప, రాజదర్బారు. గడప నుంచే కడప వచ్చిందనే మాట కూడా ఒకటుంది కాబట్టి, కడపలో దర్గా అంటే గడపలో గడప అన్నమాట.

జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున, దానవులపాడులో, ఇసుకలోంచి తవ్వి తీసిన జైన బసది ఉంది. బసది అంటే ‘వసతి’, అంతే. చర్చి అన్న మాట కూడా గ్రీకులో ‘ప్రభువుది’ అనే మాట నుంచి వచ్చింది.

ఈ వరసలో చేరనిది మసీదు. అది ఇంటి పేరు కాదు, పని పేరు: సిజ్దా చేసే, అంటే నేలకు నుదురు ఆనించే చోటు. మక్కాలోని కాబాను మాత్రం ‘బైతుల్లా’, అల్లా ఇల్లు, అంటారు. ఆ ‘బైత్’కు హీబ్రూ తోబుట్టువే మన ఊళ్ళ చర్చి బోర్డుల మీద కనిపించే ‘బేతేలు’లోని ‘బేత్’. అయినా మసీదును దేవాలయం అని రాయొద్దు. తెలుగులో ఎవరూ అలా అనరు. దర్గాను మసీదు అనడం ఇంకా పొరపాటు, దర్గాలో ఉండేది సమాధి.

ఇక మీ అబ్బాయి వ్యాసం. ‘చర్చి అనే దేవాలయం’లో ‘అనే’ ఎందుకు? చర్చి అంటే ఏమిటో తెలియనివాళ్ళు ప్రొద్దుటూరులో లేరు. ‘మా వీధి చర్చి’ అంటే సరిపోయేది. సారు దానికి అర మార్కు కోసినా నేను అడ్డుపడను.