ఒక్కసారిగా త్రాటిల్ ఇస్తే ముక్కుతున్న అవుట్‌బోర్డ్ మోటార్: పికప్ ఎక్కడ పోతోంది?

మీరు రాసినదాన్ని బట్టి మీ బోటు వెనక బిగించిన అవుట్‌బోర్డ్ మోటార్ వెంటనే స్టార్ట్ అవుతోంది, ఐడిలింగ్ నిలకడగా ఉంది, త్రాటిల్ మెల్లగా పెంచుకుంటూ పోతే పూర్తి స్పీడు అందుకుంటోంది. ఒక్కసారిగా ముందుకు తోస్తే మాత్రం గొంతు పట్టేసినట్టు ముక్కి, ఒక్కోసారి ఆగిపోతోంది. కొత్త ప్లగ్గులు వేసినా మార్పు లేదు. మూడు కార్బురేటర్లున్న (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి పంపేవి) నా 2-స్ట్రోక్ మోటార్‌కి సరిగ్గా ఇదే జబ్బు చేసింది. మూడు కార్బురేటర్లూ విప్పి కడిగాను, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ (లోపల కదిలే పలచని పొర) మార్చాను, ప్లగ్గులు మార్చాను. అయినా పోలేదు. కారణం ఒకటే: లోపం ఎక్కడుందో తేల్చుకోకముందే స్పానర్ పట్టుకున్నాను. మీరు ఆ తప్పు చేయకండి.

ముందు నీళ్లలో రెండు పరీక్షలు చేయండి. ఒడ్డున నీటి గొట్టం తగిలించి రేస్ చేస్తే ఈ లోపం బయటపడదు, ఎందుకంటే అక్కడ ప్రొపెల్లర్ మీద బరువు పడదు. బోటు మీద ఇంకొకరిని తోడు పెట్టుకోండి. ఖాళీగా ఉన్న నీళ్లలో, కిల్ స్విచ్ తాడు (ఊడితే ఇంజన్ ఆగిపోయేది) ఒంటికి తగిలించుకుని, గేరులోనే త్రాటిల్ గట్టిగా ఇవ్వండి.

మొదటి పరీక్ష: మోటార్ ముక్కుతున్న క్షణంలోనే మీ తోడు మనిషి పెట్రోలు పైపు మీదున్న రబ్బరు బల్బును గట్టిగా పిసకాలి. దాంతో పికప్ వస్తే కార్బురేటర్ల జోలికి వెళ్లనక్కర్లేదు. పెట్రోలు అక్కడిదాకా సరిగా రావట్లేదన్నమాట. ట్యాంకు గాలి రంధ్రం మూసుకుందేమో, ఫిల్టర్ నిండిందేమో, పైపు జాయింట్ల దగ్గర రబ్బరు రింగు ఎండి గాలి పీలుస్తోందేమో చూడండి. పాత పైపుల్లో లోపలి పొర ఊడి, లాగినప్పుడు దారికి అడ్డం పడుతుంది; పైకి చూస్తే పైపు కొత్తదానిలాగే ఉంటుంది. ఇవన్నీ విడివిడిగా వెతికే ఓపిక లేకపోతే, శుభ్రమైన వేరే చిన్న ట్యాంకు, వేరే పైపు తగిలించి ఒకసారి నడపండి. మోటార్ బాగా లాగితే లోపం మీ ట్యాంకులోనో పైపులోనో ఉన్నట్టే. అప్పుడు కూడా ముక్కుతుంటే, బల్బు పిసికితే మాత్రం కోలుకుంటుంటే పంపు డయాఫ్రమ్ మార్చండి.

రెండో పరీక్ష చోక్‌తో. చాలా మోటార్లలో తాళం లోపలికి నొక్కితే అదనంగా పెట్రోలు వెళ్తుంది. ముక్కుతున్నప్పుడు ఒక్క అరసెకను నొక్కండి. అప్పుడు తేరుకుంటే సిలిండర్లోకి గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అర్థం. ఇంకా దిగజారితే పెట్రోలు ఇప్పటికే ఎక్కువైందనో, స్పార్క్ బలహీనంగా ఉందనో అనుకోవాలి. నా మోటార్ బల్బుకి ఏమాత్రం స్పందించలేదు, చోక్ నొక్కగానే దూసుకుపోయింది. అంటే పెట్రోలు కార్బురేటర్ గిన్నెదాకా వస్తోంది, అక్కడి నుంచి ముందుకు పోవట్లేదు.

ఎందుకు పోవట్లేదో కొంచెం వివరంగా చెప్తాను, ఈ విషయం తెలియకే నా శ్రమంతా వృథా అయ్యింది. త్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే గాలి వెంటనే లోపలికి దూరుతుంది. పెట్రోలు బరువైనది కాబట్టి వెనకబడుతుంది. మెయిన్ జెట్ (ఎక్కువ స్పీడులో పెట్రోలు అందించే రంధ్రం) నుంచి పెట్రోలు లాగాలంటే గాలి వేగం బాగా ఉండాలి, ఇంజన్ స్పీడు అందుకోకముందు అంత వేగం ఉండదు. ఈ మధ్యలో కాసేపు ఇంజన్‌ని మోసేవి బటర్‌ఫ్లై (త్రాటిల్‌తో తెరుచుకునే గుండ్రటి రేకు) అంచు దగ్గర వరసగా ఉండే సూదిమొనంత రంధ్రాలు. అవి మూసుకుంటే ఐడిలింగ్ బాగానే ఉండొచ్చు, ఫుల్ త్రాటిల్‌లోనూ బాగానే ఉండొచ్చు. ఈ రెంటికీ మధ్య మాత్రం గుంట పడుతుంది. మెల్లగా పెంచితే ఇంజన్ ఆ గుంటను ఎలాగోలా దాటేస్తుంది, ఒక్కసారిగా తోస్తే అందులో పడిపోతుంది.

నెలల తరబడి కదలకుండా ఉన్న పెట్రోలు ఆరిపోయి బంకలా తయారవుతుంది, ముందుగా మూసేది ఈ రంధ్రాలనే. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలైతే తేమను కూడా పీల్చుకుంటుంది. నేను కడిగినప్పుడు జెట్లు తీశాను, గిన్నె తీశాను, స్ప్రే కొట్టాను. ఆ రంధ్రాల మీద చిన్న అల్యూమినియం బిళ్ల బిగించి ఉంటుందని తెలియక దాన్ని వదిలేశాను. రెండోసారి విప్పి మూడు బిళ్లలూ తీసి చూస్తే, కింది రెండు కార్బురేటర్లు శుభ్రంగా ఉన్నాయి, పైదానిలో గోధుమరంగు బంక గట్టిపడి ఉంది. క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి, రంధ్రానికి అవతల వెలుతురు కనబడేదాకా వదల్లేదు. స్టీలు తీగతో మాత్రం పొడవకండి. రంధ్రం కొంచెం పెద్దదైనా ఆ కార్బురేటర్ మళ్లీ దారికి రాదు. బిళ్ల తీస్తే కొత్తదే వేయాలి, దాని చుట్టూ సీలెంట్ పూయాలి, లేకపోతే అక్కడ గాలి లాగుతుంది. మిక్స్చర్ స్క్రూ (ఐడిలింగ్‌లో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసేది) తీసేముందు, అది మెల్లగా ఆనేదాకా లోపలికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి.

దీంతో నా మోటార్ చాలావరకు బాగైంది కానీ పూర్తిగా కాదు. మిగిలిన లోపం నేనే తెచ్చిపెట్టుకున్నది. విప్పి బిగించేటప్పుడు మూడు బటర్‌ఫ్లైలను కలిపే రాడ్డు కొంచెం పక్కకు జరిగింది, పైది మిగతా రెంటికన్నా వెంట్రుకవాసి ఆలస్యంగా తెరుచుకుంటోంది. స్క్రూలు వదులు చేసి, మూడూ పూర్తిగా మూసుకున్నాయని వేలితో చూసుకుని మళ్లీ బిగించాను. చాలా 2-స్ట్రోక్ మోటార్లలో త్రాటిల్‌తో పాటు స్పార్క్ టైమింగ్ కూడా ముందుకు జరుగుతుంది. ఆ లింకు అరిగినా, బిగుసుకుపోయినా ఇదే ముక్కుడు వస్తుంది. ఏది ఎప్పుడు కదలాలో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో గుర్తులతో సహా ఉంటుంది, దాన్నే అనుసరించండి. మీది 4-స్ట్రోక్ అయితే యాక్సిలరేటర్ పంపు (త్రాటిల్ తెరవగానే అదనంగా పెట్రోలు చిమ్మేది) ఉందేమో చూడండి. ఇంజన్ ఆపి ఉండగా త్రాటిల్ తిప్పితే కార్బురేటర్ గొంతులో సన్నటి పెట్రోలు ధార పడాలి.

చోక్ నొక్కితే ఇంకా పాడైతే గిన్నెలో తేలే ఫ్లోట్ ఎత్తు, దాంతో పాటు పెట్రోలు దారి మూసే నీడిల్ వాల్వు, సగం మూసుకుని ఉండిపోయిన చోక్ రేకు చూడండి. ఆ తర్వాతే స్పార్క్ ఇచ్చే కాయిల్స్ వైపు వెళ్లండి. ఏదైనా విప్పేముందు మాత్రం అన్ని సిలిండర్ల కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు లోపల వచ్చే ఒత్తిడి) కొలవండి. ఒకదానికొకటి 10 శాతానికి మించి తేడా ఉంటే కార్బురేటర్ మీద పెట్టే శ్రమ అనవసరం. ముక్కకుండా ఇంజన్ స్పీడు ఒక్కసారిగా పెరిగి, బోటు మాత్రం కదలకపోతే అది వేరే సమస్య, ప్రొపెల్లర్ హబ్ (ప్రొపెల్లర్‌ని ఇరుసుకి పట్టి ఉంచే మధ్యభాగం) జారుతోందేమో చూసుకోవాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. చోక్ పరీక్షలో పెట్రోలు తక్కువని తేలితే, బాగుచేసేదాకా ఫుల్ త్రాటిల్‌లో నడపకండి. ఆయిల్ పెట్రోలులోనే కలిపే 2-స్ట్రోక్‌లో పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ కాలిపోతుంది. ఈ రోజు కేవలం ముక్కుతున్న మోటార్ రేపు రిబోర్‌కి (సిలిండర్ లోపలి గోడ మళ్లీ తొలిపించడానికి) వెళ్తుంది.

ముందు రెండు పరీక్షలు చేసి, బల్బు పిసికినప్పుడు ఏమైందో, చోక్ నొక్కినప్పుడు ఏమైందో రాయండి. 2-స్ట్రోకా 4-స్ట్రోకా, ఎన్ని కార్బురేటర్లో కూడా చెప్పండి. దాన్నిబట్టి ఏది ముందు విప్పాలో చెప్తాను.